మొరంగడ్డ ఎత్తు

కిందటి వారం రేవుపల్లె వాళ్ళను మొరంగడ్డ అనే మొరం మిట్ట మీద సున్నం గంపలతో, నవ్వు మొహాలతో వదిలిపెట్టి వచ్చాం. నడుమ చేరిన పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. వాగు వచ్చి గోదావరిలో కలిసేచోట, పళ్ళెం అడుగులాంటి పల్లపు నేలలో ఉంది రేవుపల్లె. మగవాళ్ళలో సగం మంది గోదావరిఖని గనులకు పోతారు, సగం మంది నాగలి పడతారు. రెండూ చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు నిద్ర తక్కువ, కోపం ఎక్కువ. పోయిన భాద్రపదంలో గోదావరి నిండి వాగును వెనక్కి తోస్తే ఊరంతా నిలువు లోతు నీళ్ళలో నిలబడింది. ఆ నీళ్ళు తీశాక ఊరి కోడలు సారక్క ఒకే మాట పట్టుకుంది. ఊరు లేచి ఎత్తు మీదికి పోవాలి, పోతే అందరూ కలిసే పోవాలి. తహసీలు కచేరీ మెట్లు అరిగేలా తిరిగి, మొరంగడ్డ మీద ఇళ్ళ జాగాలకు హుకుం తెచ్చింది. మిరుగం లోపల, అంటే మృగశిర కార్తెతో తొలకరి పడేలోపల, పునాదులు లేవకపోతే ఆ హుకుం చెల్లదు. మిరుగం ఇంకెంతో దూరం లేదు.

సారక్కను మెచ్చుకోవడం నాకు రోగంలా పట్టుకుందని ఒకరిద్దరు పాఠకులు ఉత్తరాలు రాశారు. రాయనివ్వండి. ఈ వారం కూడా మెచ్చుకుంటాను, కాస్త ఎక్కువే మెచ్చుకుంటాను. ఆమె చేసిన పని చూసి కూడా నోరు కట్టుకుని కూర్చోమంటే అది నా వల్ల కాదు.

ఆ పొద్దున మొరంగడ్డ మీద సున్నంతో పోసిన ముగ్గు గీతలు చూడవలసిందే. తహసీలు ఓవర్సీయరు మొదట గీసిచ్చిన పటంలో ఇళ్ళన్నీ కంపెనీ క్వార్టర్లలా వరసగా నిలబడ్డాయి. సారక్క ఆ పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ముందు నీళ్ళకు జాగ చూపియ్యి సారూ, తర్వాత మాకు చూపిద్దువు" అన్నది. వాన నీళ్ళు ఎవరి గోడా తాకకుండా గడ్డ దిగి వాగులో పడేందుకు నడుమ వెడల్పాటి దారి వదిలించింది. పశువుల కొట్టాలు దిగువ అంచుకు, వాటికి ఎగువన ఇళ్ళు. నడవలేని ముసలివాళ్ళు, పచ్చి బాలింతలు ఉన్న ఇళ్ళు అన్నిటికన్నా పైన. పాత ఊళ్ళో ఎవరి గోడకు ఎవరి గోడ ఆనిందో ఇక్కడా అంతే, ఎందుకంటే వరదలో ఎవరు ఎవరిని పేరు పెట్టి పిలుస్తారో ఆమెకు తెలుసు. ఓవర్సీయరు మొదట నవ్వాడు, తర్వాత పటం మార్చాడు. మార్చినందుకు ఆయనను కూడా మెచ్చుకోవలసిందే. అందరూ మార్చరు.

ఊరంతా గడ్డ మీదే ఉన్నది, ఒక్క మల్లక్క తప్ప. మల్లక్క సారక్క తోటికోడలు, సారక్క పెనిమిటి ఎల్లేశానికి అన్న అయిన రాజం పెండ్లాం. గడ్డ మీదికి తాను రానని ఆమె మొదటినుంచీ అంటున్నది, ఎందుకని అడిగితే "నాకు సయించది" అనే తప్ప ఇంకో మాట లేదు. కిందటి వారం నలుగురిలో సారక్క ఆమె మీద నోరు చేసుకున్నది మీకు గుర్తుండే ఉంటుంది. "నీ ఒక్కదాని కోసం ఊరు ఆగదు, నువ్వు నదితోనే కాపురం చేసుకో" అన్నది. అనవలసిన మాట కాదు. మంచివాళ్ళు కూడా అలిసిపోయినప్పుడు అనకూడనివి అంటారు. మల్లక్క ఆ పొద్దున తన మేకలను తోలుకుని గడ్డ కింద నిలబడి చూస్తున్నది.

సారక్క పెనిమిటి ఎల్లేశం రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చాడు. కొత్త ఇంటికి ముగ్గు పోసే పొద్దు మగవాడు ఉషారుగా ఉండాలి. ఎల్లేశం బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. డ్యూటీ అలసట అనుకున్నారు అందరూ.

అప్పుడే మహమూద్ వచ్చాడు. గని సర్వేయరు. పోయిన వరదలో నాటుపడవ వేసుకొచ్చి రేవుపల్లె మనుషులను ఇంటి కప్పుల మీద నుంచి దింపినవాడు. అప్పటి నుంచి సారక్కకు తమ్ముడు. ఆ పొద్దు అతనికి సెలవు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవలసినవాడు సైకిలుకు దుర్బీను పెట్టె, మూడు కాళ్ళ బల్ల, పొడుగాటి కొలత కర్ర కట్టుకుని మిట్ట ఎక్కి వచ్చాడు. మొహంలో మాత్రం పండుగ లేదు.

"ముగ్గు జర ఆపుండ్రి. ఒక్కసారి ఎత్తు చూసుకుంట" అన్నాడు.

రేవు దగ్గర ఒక నల్ల బండ ఉన్నది. వెనకటి పెద్ద వరదలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అప్పటి పెద్దలు ఆ బండ మీద ఉలితో గీత కొట్టించారు. మహమూద్ ఆ గీత దగ్గర మొదలుపెట్టాడు. దుర్బీను చూపు నిలిచిన నీళ్ళలా సమంగా పోతుంది, ఎక్కదు, దిగదు. ఆ చూపుతో గీత ఎత్తును అంచెలంచెలుగా మోసుకుంటూ గడ్డ మీదికి వచ్చాడు. కొలత కర్ర పట్టుకుని అతని ముందు నడిచింది కొమురెల్లి, గనిలో బొగ్గు తీసే మనిషి. ఒకసారి కొలిచి మహమూద్ లెక్క కాయితం మీద రాసుకున్నాడు. కిందికి దిగి, ఇంకో దారి నుంచి మళ్ళీ మొదటి నుంచి కొలుచుకుంటూ వచ్చాడు.

"ఏం సర్వేయర్ సాబ్, గడ్డకు జరమొచ్చిందా ఏంది, గింతసేపు నాడి చూస్తున్నవ్" అన్నాడు సదయ్య. ఊరికి పెద్దమనిషి, మాటకు ముందుంటాడు. జనం నవ్వారు.

మహమూద్ నవ్వలేదు. "అక్కా, జర పక్కకు రా."

"పక్కకెందుకు తమ్మీ" అన్నది సారక్క. "గీ గడ్డ నా ఒక్కదాని సొత్తా? ఏమున్నా అందరి ముంగట చెప్పు."

మహమూద్ కొమురెల్లిని కర్రతో దగ్గరికి పిలిచాడు. "అయితే గీడ నిలబడక్కా" అని, ఆమె ఇంటి కోసం పోసిన ముగ్గు నడుమ నిలబెట్టాడు. కొలత కర్ర ఆమె పక్కన నిలిపించి, వెనక్కి పోయి దుర్బీనులో చూశాడు. తిరిగి వచ్చి కర్ర మీద ఒకచోట వేలు పెట్టాడు.

"రేవు బండ మీది గీత దాక మళ్ల నీళ్ళొస్తే, గీడ గిక్కడిదాక వస్తయి."

అతని వేలు సారక్క మెడ కింది ఎముక దగ్గర ఉన్నది.

సారక్క ఆ వేలిని, తన భుజాన్ని, చుట్టూ మెరుస్తున్న సున్నం గీతలను చూసుకున్నది. ముందుగా తేరుకున్నవాడు సదయ్యే.

"నవ్వులాటనా సాబ్? పెద్ద వరదల ఊరంత గీ గడ్డ మీదనే ఉన్నది. మా నాయిన గీడనే బర్రెను ఈనిపిచ్చిండు. నేను పోరన్ని, కండ్లార చూసిన. ఒక్క గడ్డిపోచ తడువలే."

"మీ నాయిన కాలంల తడువలేదు కాకా, నిజమే. అప్పుడు గడ్డ అంత ఎత్తే ఉండె. ఇప్పుడు లేదు."

"లేకుంటె యాడికి పోతది? లేచి బజారుకు పోయిందా?"

"కిందికి పోయింది" అన్నాడు మహమూద్.

ఆ మాట అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి అతను కొమురెల్లి వైపు తిరిగాడు. "కొమురెల్లన్నా, గనిల నీ పని యాడ?"

"పడమటి దిక్కు. పిల్లర్లు తీసుడు."

గని సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. భూమి లోపల బొగ్గు తవ్వేటప్పుడు మొదట దారులు తొలుచుకుంటూ పోతారు. పైకప్పును మోయడానికి నడుమ నడుమ బొగ్గునే పెద్ద పెద్ద స్తంభాలుగా వదిలేస్తారు, వాటినే పిల్లర్లంటారు. చివరికి వెనక్కి వస్తూ వస్తూ ఆ పిల్లర్లను కూడా తీసేసి పైకప్పును కూలనిస్తారు. గుండె ఉన్నవాళ్ళ పని అది.

"ఇంక్లైన్ దిగినంక ఎట్ల పోతవో చెప్పు, ఒక్కొక్కటే" అన్నాడు మహమూద్. దూరంగా, జొన్న కొయ్యకాళ్ళ ఆవల, గనిలోకి ఏటవాలుగా దిగే ఆ ఇంక్లైన్ మొదలయ్యేచోట రేకుల షెడ్డు కనిపిస్తున్నది. మహమూద్ చెయ్యి చాపి ఆ షెడ్డును చూపించాడు.

"దిగుతం" అన్నాడు కొమురెల్లి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా. "దిగి దిగి పాత పంపు కాడ ఎడమకు తిరుగుతం."

మహమూద్ చెయ్యి షెడ్డు మీద నుంచి చేల మీదికి జారి, ఎడమకు తిరిగింది.

"ఆడికెల్లి తిన్నగ. గాలి తలుపు దాటినంక మళ్ల ఎడమకు. ఇంక జర నడిస్తే మా జాగ. ఆడ కూసొని సద్ది తింటం."

చెయ్యి వాగు వెంట వచ్చి, మళ్ళీ ఎడమకు తిరిగి, గడ్డ ఎక్కి, కొమురెల్లి కాళ్ళ దగ్గర ఆగింది.

"మీరు సద్ది తినే జాగ గీడనే అన్నా. నువ్వు నిలబడ్డ కాడ. కింద."

కొమురెల్లి తన పాదాల నడుమ చూసుకున్నాడు. ఆ తర్వాత, నిద్రపోతున్నవాళ్ళను ఎవరినో తొక్కినట్టు, మెల్లగా ఒక అడుగు పక్కకు జరిగాడు.

గనికి పోని మనం నవ్వుకోవచ్చు, ఇన్నేళ్ళు పనిచేసినవాళ్ళకు తాము ఎక్కడ తవ్వుతున్నారో తెలియదా అని. తెలియదు. లోపల పొద్దు లేదు, దిక్కు లేదు. మలుపుల మీద మలుపులు తిరిగినవాడికి తల మీద ఎవరి చేను ఉన్నదో ఎలా తెలుస్తుంది? పైన ఉన్నది ఒక లోకం, కింద ఉన్నది ఒక లోకం. పొద్దున ఒకటి, మాపు ఒకటి. రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయన్న ఊహ రేవుపల్లె మగవాళ్ళలో ఎవరి నోటా వినలేదు. వరదలో తమను కాపాడే గడ్డ కాళ్ళను వాళ్ళే, జీతం పుచ్చుకుని, బుద్ధిగా, ఒక్క రోజు నాగా లేకుండా తీసేశారు.

"మేమే తీసినమా" అన్నాడు కొమురెల్లి.

"మనమే తీసినం. నక్ష గీసింది నేను" అన్నాడు మహమూద్. "పిల్లర్లు పోయినయ్, పైకప్పు దిగింది, దాని మీది మన్ను దిగింది. మా ఆఫీసుల ఒక నక్ష ఉన్నది, కింద ఏడ ఏం తీసినమో అండ్ల ఉంటది. తహసీలుల ఒక నక్ష ఉన్నది, పైన ఏ జాగ ఎంత ఎత్తో అండ్ల ఉంటది. అది ఎన్నడో పాతది. రెండిటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూసినోడు లేడు. నేను గూడ చూడలే. మొన్న మీ జాగల కాయితం చూస్తుంటె మనసుల పడ్డది, అప్పటికెల్లి అన్నం సయిస్తలేదు."

ఒక మనిషి తన తప్పును ఇంతమందిలో, సాగదీయకుండా, సాకు చెప్పకుండా ఒప్పుకోవడం నేను ఎక్కువసార్లు చూడలేదు. చెప్పకపోయినా అతన్ని అడిగేవాడు లేడు. పెద్ద వరద మళ్ళీ ఎప్పుడొస్తుందో, అప్పటికి అతను ఏ ఊరికి బదిలీ అయి ఉంటాడో. అయినా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

గడ్డ మొత్తం ఒకే తీరుగా దిగింది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. నాలుగు కోళ్ళూ బురదలో దిగిన మంచం దూరం నుంచి ఇంకా మంచంలాగే కనిపిస్తుంది. నెర్రెలు మాత్రం పడ్డాయి. ఎండకు పగిలిందనుకుని ఊరి ఆడవాళ్ళు గంపలతో మన్ను పోసి పూడ్చారు.

అంతా విన్నాక సదయ్య గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు అతని మాటల్లో వెక్కిరింత లేదు.

"సరే, దిగిందే అనుకుందం. దిగినా మన ఊరికన్న ఎత్తేనా కాదా? పోయినేడు వచ్చినసొంటి వరదొస్తె గీడికి నీళ్ళు రావు గదా? పెద్ద వరద ఏటేటా వస్తదా? నా పానంల ఒక్కపారి చూసిన. హుకుం చేతుల ఉన్నది, ముగ్గు పడ్డది, మిరుగం నెత్తి మీద ఉన్నది. ఇప్పుడు ఆపితె హుకుం పాయె, గడ్డ పాయె, ఈ వానకాలం మళ్ల ఆ బురదల్నే. ఉన్నకాడికి కానియ్యి సారక్కా."

జనం తలలూపారు. నిజం చెప్పాలంటే రాస్తున్న నేను కూడా తల ఊపాను. అది తెలివితక్కువ మాట కాదు. చేతికందిన మేలును పట్టుకోమనే మాట. మహమూద్ కూడా దానికి ఎదురు చెప్పలేదు, తీర్పు తనది కాదన్నట్టు దుర్బీను మూత పెట్టాడు. అందరి కళ్ళూ సారక్క మీద పడ్డాయి. తహసీలుకు తిరిగింది ఆమె, ఇంటింటికీ పోయి బతిమిలాడింది ఆమె. మొండి గోడల మధ్య నుంచి ఊరును ఇక్కడిదాకా లాక్కొచ్చింది ఆమె. కానీ అంటే అవుతుంది. వద్దంటే ఇన్ని నెలలు పడ్డ పాటు ఏటిపాలు.

సారక్క చుట్టూ ఉన్న మొహాలను చూసుకుంటూ వచ్చింది. ఆమె చూపు ఒకసారి ఎల్లేశం మీద పడింది. ఇంతమంది మగవాళ్ళు ఇన్ని అడిగారు. ఎల్లేశం ఒక్కటీ అడగలేదు. ఆ సంగతి ఆమె మనసుకు తగిలింది గాని, పట్టించుకునే తీరిక లేదు.

"సదయ్య కాకా" అన్నది మెల్లగా. "ఇప్పుడున్న ఊర్ల వాన పడితె మనం పండుకుంటమా?"

"ఎట్ల పండుకుంటం. వాగు దిక్కే చెవి ఉంటది."

"చెవి ఉంటది. పిల్లను సంకనేసుకొని, బర్రె తాడు చేతుల పట్టుకొని కూసుంటం. నది ఉరిమితె ఉరుకుతం, కప్పులెక్కుతం. గందుకే పోయిన భాద్రపదంల మనిషి పోలే, ఇండ్లే పోయినయ్. గీ గడ్డ మీదికొస్తె ఉరుకుతమా? ఉరుకం. గడ్డ మీదున్నం గదా అని పిల్లలకు దుప్పటి కప్పి పండుకుంటం. మన మనుమలకు గూడ గిదే చెప్తం, గిది గడ్డ, గీడికి నీళ్ళు రావని. వాళ్ళు నమ్ముతరు. పల్లంల ఉన్నోడు భయంతోనన్న మేలుకుంటడు కాకా. గీడ ఉన్నోడు నమ్మి పండుకుంటడు."

ఆ మాటతోనే ఆమె కదిలింది. తన ఇంటి ముగ్గు దగ్గరికి పోయి, కాలితో ఆ గీతను చెరపడం మొదలుపెట్టింది. తలుపు రావలసిన చోట మొదలై గోడ వెంట, మూల తిరిగి, పొయ్యి ఉండవలసిన గది దాకా. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. ఇల్లు ఊడ్చే మనిషిలా నిదానంగా చెరిపింది. రెండో గోడ దగ్గరికి వచ్చేసరికి కొమురెల్లి భార్య వచ్చి తన ముగ్గు చెరపసాగింది. సదయ్య కాసేపు అటూ ఇటూ చూసి, తిట్టుకుంటూనే, తన మూలకు నడిచాడు. గెలిచిన మనిషి తన గెలుపును తానే తుడిచేయడం చూడడానికి గుండె గట్టిగా ఉండాలి. నాకు లేదు, అందుకే ఆ కాసేపు గురించి ఎక్కువ రాయలేకపోతున్నాను.

తుడవడం అయ్యాక ఆమె మహమూద్ దగ్గరికి వచ్చింది. "చెడిందేందో చెప్పినవ్ తమ్మీ. ఇగ మంచిదేందో చెప్పు. కింద తీయని జాగ, నీళ్ళు రాని జాగ, రెండు కలిసింది గీ దిక్కు యాడన్న ఉన్నదా?"

మహమూద్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. "ఉన్నదక్కా. రైలు కట్ట పక్క. రైలు కింద పిల్లర్లు తియ్యొద్దని కానూన్. కట్టకు అటు ఇటు జర దూరం దాక బొగ్గు అట్లనే ఉన్నది, నేల అట్లనే ఉన్నది. గీడికొచ్చే ముందు ఆడ గూడ కొలిచి వచ్చిన. పెద్ద వరద గీతకు మీదనే ఉన్నది. జాగ మార్పియ్యిమని తహసీలుల నేనొచ్చి మాట్లాడుత. గాని అది సర్కారు భూమి కాదు."

ఎవరిదని అడగనక్కర లేకపోయింది. రైలు కట్ట పక్క పొడుగాటి ఎర్ర చెలక, ఆ మెట్ట చేను, రాజంది. ఇప్పుడు మల్లక్కది.

సదయ్య నాలుక కరుచుకున్నాడు. ఎవరో "ఇగ అయినట్టే" అని గొణిగారు. సారక్క ఎవరినీ పంపలేదు, పెద్దమనుషులను వెంటబెట్టుకోలేదు. ఒక్కతే గడ్డ దిగి, మేకల నడుమ నిలబడిన తోటికోడలి ముందుకు పోయి నిలబడింది. గాలి ఇటే ఉన్నది కాబట్టి మాటలు పైదాకా వినిపించాయి.

"అక్కా, మొన్న నిన్ను అనరాని మాట అన్న. తప్పు నాది. గాని అది చెప్పనీకె రాలే, అవసరం పడ్డది గనుక వచ్చిన. నీ చెలక ఊరికి కావాలె. బదులు ఏమియ్యాలెనో ఊరు ఇస్తది. ఇయ్యనంటె గూడ నిన్ను ఒక్క మాట అనను."

మల్లక్క ఆమెను చూసింది. మేకలను అక్కడే వదిలి, చాలా రోజుల తర్వాత మొదటిసారి గడ్డ ఎక్కి, జనం మధ్య నుంచి నడిచి మహమూద్ ముందు ఆగింది.

"సాబ్, కొమురెల్లి సద్ది తినే జాగ చూపిచ్చినవ్. మా ఆయన ఉన్న జాగ చూపిస్తవా?"

కొన్నేళ్ళ కిందటి దాకా రాజం కూడా గనిలో పడమటి దిక్కునే పని చేశాడు. పిల్లరు తీస్తుండగా పైకప్పు కూలింది. ఊరికి తెలిసినంతలో, వెంట ఉన్న తమ్ముడు ఎల్లేశం బయటికి వచ్చాడు, రాజం రాలేదు. తీయడానికి పోయినవాళ్ళ మీద ఇంకా రాయి పడుతుంటే, బతికున్నవాళ్ళను పోగొట్టుకోకూడదని ఆ దారికి అడ్డంగా గోడ కట్టారు. మల్లక్కకు పీనుగు దక్కలేదు, బొంద లేదు. అప్పటి నుంచీ ఆమె గని దారి దగ్గరికి పోయి, రేకుల షెడ్డుకు మొక్కి వస్తున్నది.

మహమూద్ తల ఊపాడు. దుర్బీను తియ్యలేదు, కొలత కర్ర అడగలేదు. ఆ జాగా అతనికి కొలవకుండానే తెలుసు. గడ్డకు వాగు వైపు, తంగేడు పొదల దాకా నడిచి, ఒకచోట ఆగి చెప్పులు విడిచాడు.

మల్లక్క అక్కడ కూర్చుని మన్ను మీద అరచెయ్యి ఆనించింది. ఎవరూ దగ్గరికి పోలేదు.

"ఇన్నేండ్లు ఎటు దిక్కు మొక్కాలెనో తెల్వకపాయె" అన్నది చివరికి. "గీ గడ్డ ఎక్కితె నాకు కాళ్ళు వణుకుతుండె, ఎందుకో సమజ్ కాకపోతుండె." ఆమె సారక్క వైపు తిరిగింది. "చెలక తీసుకోండ్రి. బదులు ఏమొద్దు. గీ గడ్డ మీద మాత్రం ఎన్నడు ఎవ్వరు ఇల్లు కట్టొద్దు. ఇంకొక్కటి. ఆడ ముగ్గు పడే ముంగట ఎల్లేశం గీడికొచ్చి నా ముంగట కూసోవాలె."

ఎల్లేశం బండి దగ్గర నుంచి లేచాడు. వచ్చి, వదినకు ఎదురుగా, తంగేడు పొద పక్కన కూర్చున్నాడు.

"ఆ పొద్దు ఆయన ఎంబడి ఉన్నది నువ్వే" అన్నది మల్లక్క. "ఆఖరికి ఏమన్నడురా అంటె ఏమనలే అంటివి. ఎన్నిసార్లు అడిగినా గంతే అంటివి. ఇప్పుడు ఆయన మీద కూసున్నవ్. చెప్పు."

ఎల్లేశం తల మీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట మొదలయ్యాక ఆగలేదు.

"పైకప్పుకెల్లి నీళ్ళు కారుతుండె వదినా. గని నీళ్ళు చేదుంటయి, నోట్ల పెట్టరావు. అన్న దోసిలి పట్టి తాగి చూసిండు. చూసి చెయ్యి ఆపిండు. ‘తమ్మీ, గివి తియ్యగున్నయ్ రా. మొరంగడ్డ మీద మన చేదబాయి నీళ్ళు గివి. మనం గడ్డ కిందికొచ్చినం’ అన్నడు. ఆ ఏడే పైన చేదబాయి ఎండింది."

మల్లక్క చెయ్యి మన్ను మీద నుంచి తీయలేదు. సారక్క మాత్రం రెండడుగులు ముందుకు వచ్చింది.

"నీకు ఎరుకే" అన్నది పెనిమిటితో. ఆమె గొంతు పెద్దగా లేదు. "నేను తహసీలుకు తిరిగినప్పుడు నీకు ఎరుకే. ఇంటింటికి పోయి గడ్డ మీదికి రమ్మని బతిలాడినప్పుడు ఎరుకే. పొద్దుగాల నేను ముగ్గు పోస్తుంటె ఆ బండికి ఆనుకొని చూసినవ్. ఎందుకు చెప్పలే?"

ఎల్లేశం ఆమె వైపు చూడలేదు. అతని కళ్ళు వదిన మీదే ఉన్నాయి.

"గడ్డ సంగతి చెప్తె" అన్నాడు, "ఆ పొద్దు ఇద్దరం పానంతోని బయటికొచ్చినంక అన్న మళ్ల లోపలికి ఎందుకు పోయిండో గూడ చెప్పాలె."